వెనక పోసిన నీళ్ళు

వెల్లింగ్టన్‌లో ఆ కొండవాలు ఇంట్లో పై ఫ్లాట్ బోగ్దాన్‌ది, కింది ఫ్లాట్ నాగమణిది. పొద్దున్నే బోగ్దాన్ బస్సు డ్యూటీకి బయల్దేరగానే అతని తల్లి రాద్మిలా జగ్గుడు నీళ్ళు అతని వెనకే మెట్ల మీద కుమ్మరించేది. వెళ్ళేవాడి దారి నీళ్ళలా సాఫీగా సాగాలని సెర్బుల ఆచారం. నాగమణికి మాత్రం రోజూ గుండె గుభేలుమనేది.

"మనిషి గడప దాటగానే నీళ్ళు పోస్తారా ఆంటీ? మా వైపు శవం లేచాకే వాకిలి కడుగుతాం!"

"మీవాళ్ళు వింత మనుషులమ్మా," అని రాద్మిలా నవ్వేది.

రాద్మిలా చనిపోయి అప్పటికి ఐదేళ్ళు. సొంతూరు బెల్‌గ్రేడ్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో పోయింది. అప్పటికే ఇక్కడికి వచ్చేసిన కొడుకు వెళ్ళలేకపోయాడు. అక్కడ అతను పేరున్న నాటక రచయిత, రెండు సినిమాలకు కూడా రాశాడు. ఇక్కడ అతని మొహం ఎవడికి తెలుసు గనక! దుఃఖం ఆగక అమ్మ మీద నాటకం మొదలుపెట్టాడు. మొదటి రంగం పూర్తయిన పొద్దున చూస్తే, పోయిన రాద్మిలా ఈ ఇంటి వంటింట్లో కూర్చుని ఎర్ర క్యాప్సికం కాయలు కాలుస్తోంది. ఇంటి ఓనరు వచ్చి చూసి, పొగ వస్తే కిటికీ తెరవమని చెప్పి పోయాడు.

నాటకం ముగిస్తే ఆమె వెళ్ళిపోతుంది. అందుకే బోగ్దాన్ ముగించలేదు. 2004లో ఊళ్ళోని చిన్న థియేటర్ వాళ్ళు, చివరి రంగం రాసిస్తే ఆడతామన్నారు.

"వద్దని చెప్పేస్తానమ్మా," అన్నాడు బోగ్దాన్.

"బస్సు తోలుతూనే ముసలాడివైపోతావా? రాయి. నేనూ అలిసిపోయానురా. ఈ కాయలు ఎన్ని కాల్చినా తరగవు."

వెక్కి వెక్కి ఏడుస్తూ రాశాడు. చివరి మాట పడగానే రాద్మిలా చేతులు తుడుచుకుని, కోటు వేసుకుని, గడప దాటి నిలబడింది.

"నీళ్ళు పొయ్యి, నాయనా."

బోగ్దాన్ జగ్గు పట్టుకున్నాడు గానీ చెయ్యి లేవలేదు. తల్లి ఎదురుచూస్తోంది. కింద బట్టలు ఆరేస్తున్న నాగమణి వైపు దీనంగా చూశాడు.

"నావల్ల కాదు. మీరు పొయ్యండి."

నాగమణి పైకొచ్చి జగ్గు అందుకుంది. పోయిన మనిషి వెళ్తుంటే వాకిలి కడగడం ఆమెకు తెలిసిన పనే. అయినా కళ్ళనీళ్ళు ఆగలేదు. పోసిన నీళ్ళు మెట్లు దిగి రోడ్డెక్కాయి. రాద్మిలా వెనక్కి చూడకుండా వాటి వెంటే నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు రిహార్సల్. బోగ్దాన్ తలుపు తీసి గడప మీదే ఆగిపోయాడు. వెనక ఎవరూ లేరు. ఎంతకీ అడుగు పడలేదు.

నాగమణి కింది నుంచి కాసేపు చూసింది. బతికున్న మనిషి వెనక నీళ్ళు పొయ్యడమా? లోపలికెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెంబు తీసుకుని పైకొచ్చింది.

"మీరు పదండి, నేనున్నాను," అంది.

అతను మెట్లు దిగాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని నీళ్ళు పోసింది.