రజబ్ ఇరవై ఎనిమిది

ఖాళీ అట్టపెట్టె కనబడితే బాపిరాజుకు గిట్టదు. సాయంత్రమయ్యేసరికి అది గుమ్మం దాటాల్సిందే. అలాంటి మనిషి పది రోజులుగా పెట్టెలు పోగేస్తున్నాడు. తను పనిచేసే ప్లాంటు నుంచి కూడా నాలుగు పెద్దవి తెచ్చి, మడతపెట్టి మంచం వెనక నిలబెట్టాడు. "ఎందుకండీ ఈ చెత్త?" అని భార్య జ్ఞానప్రసూనాంబ అడిగితే "ఉండనీవే, పనికొస్తాయి" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. కూతురు చరితకు మాత్రం ఎందుకో మనసు కీడు శంకించింది.

చరిత అక్కడే, సౌదీలోని జుబైల్లో, పన్నెండో తరగతి చదువుతోంది. అమెరికాలో ఒక చిన్న కాలేజీ మీద రెండేళ్లుగా మనసు పారేసుకుంది. అక్కడ ఎర్లీ డెసిషన్ అని ఒక పద్ధతి ఉంది. నవంబరు ఒకటికల్లా అప్లికేషన్ పంపితే డిసెంబరు మధ్యలో కబురు చెబుతారు. సీటు దొరికే అవకాశం ఎక్కువే. అయితే ఇస్తే చేరి తీరాలి, ఇంకో కాలేజీ గుమ్మం తొక్కకూడదు. పిల్లా, తండ్రీ, స్కూలు కౌన్సిలరూ ముందే సంతకాలు పెట్టాలి. పెళ్లిచూపులకు తాళిబొట్టు పట్టుకెళ్లడం లాంటిదన్నమాట.

ఫీజులో సాయం కావాలో వద్దో కూడా అప్పుడే చెప్పాలి. బయటి దేశం పిల్లలు సాయం కావాలంటే సీటు వచ్చే అవకాశం తగ్గుతుంది. వద్దంటే నాలుగేళ్లూ మళ్లీ నోరెత్తడానికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాపిరాజు అయితే వెనకా ముందూ చూడకుండా "వద్దని పెట్టమ్మా, మనకేం తక్కువ?" అన్నాడు. తన సంతకమూ పెట్టేశాడు. కౌన్సిలరు గురువారమే పెట్టింది. ఇక మిగిలింది చరితే.

అక్టోబరు నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. చివరి పేజీలో ఇఖామా, అంటే సౌదీలో ఉండనిచ్చే పర్మిట్టు, ఎప్పటిదాకా ఉందో అడిగారు.

"నాన్నగారూ, ఇఖామా డేటు ఎంతండీ? మీ ఫోనివ్వండి, చూసుకుంటాను."

బాపిరాజు ఫోను బోర్లా పెట్టాడు. "ఫోనెందుకమ్మా? కిందటేడు డేటుకి ఓ ఏడాది కలిపెయ్, సరిపోద్ది."

షిఫ్టు ఇంజనీరుగా పద్దెనిమిదేళ్లు చేసిన మనిషి. గేజి కళ్లారా చూడందే లాగ్‌బుక్కులో అంకె రాయనివ్వడు. ఆ నోటి నుంచి "సరిపోద్ది" అన్న మాట వచ్చింది. తండ్రి ఇఖామా ఎంతవరకో పిల్లలదీ అంతవరకే. తన ఫోనులో తన కార్డు తెరిచి చూసింది. రజబ్ 28, 1447. హిజ్రీ తేదీని ఇంగ్లీషు తేదీలోకి మార్చింది. జనవరి 17.

కింది ఫ్లాట్లో ఉండే ఇనాయతుల్లా గారు చేసిందీ ఈ ప్లాంటులోనే. రంజాను తరవాత ఆయనకి ఇలాగే, ఏడాదికి బదులు మూడు నెలలకే రెన్యూ చేశారు. మూడో నెలలో ఉద్యోగాలు తీసేసే లిస్టులో ఆయన పేరు వచ్చింది, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టి పంపించేశారు. ఆ ఇంటి ఆడపిల్ల పరీక్షల మధ్యలో వెళ్లిపోయింది.

"మూడు నెలలకే చేశారేంటండీ?" అంది చరిత.

దొండకాయలు తరుగుతున్న జ్ఞానప్రసూనాంబ తలెత్తింది. "ఏవిటండీ మూడు నెలలు?"

"ఏదో సిస్టమ్ మారుస్తున్నారంట. అందరికీ అంతే," అన్నాడు బాపిరాజు. అని, ఎవరూ అడక్కుండానే, "నా పేరు లిస్టులో ఉందని ఎవరూ అన్లేదు," అని కూడా అన్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

చరిత టేబులు మీదున్న కాలేజీ రూల్సు కాగితం తీసింది. తండ్రి ప్రింటు తీయించిందే. సాయం వద్దన్నవాళ్లు చదువైపోయేదాకా అడగరాదన్న వాక్యం కింద పచ్చగీత గీసి ఉంది. రెండుసార్లు గీశాడు. అంటే చదివాడు. తెలిసే వద్దన్నాడు. ఆ పిల్లకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"తెలిసి ఎందుకు వద్దన్నారండీ?"

"సాయం అడిగితే సీటు రాదని నువ్వే కదమ్మా అన్నావు." గొంతు తగ్గించాడు. "వెళ్లేటప్పుడు సర్వీసు డబ్బులిస్తారు. మొదటేడు గట్టెక్కిపోద్ది."

"రెండో ఏడు?"

 కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

చరిత వెనక్కి వెళ్లి "వద్దు" మీదున్న టిక్కు తీసి "కావాలి" మీద పెట్టింది. తండ్రి సంతకం చెరిగిపోయింది, మళ్లీ పెట్టమని ఫారం అడిగింది.

"ఇలాగైతే తీసుకోరేమోనమ్మా."

"తీసుకోకపోతే మానేశారు. తీసుకుని సాయం చాలినంత ఇవ్వకపోతే, సంతకాలు పెట్టినా అప్పుడు వద్దనొచ్చు, రూల్సులోనే ఉంది. మనకున్న దారి అదొక్కటేనండీ."

కావాలన్నాక ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. మొదటి రెండింటికీ బాపిరాజు చకచకా చెప్పాడు. మూడోది చరిత పైకి చదివింది. "వచ్చే ఏడాది తల్లిదండ్రుల సంపాదనలో మార్పు ఉండబోతోందా?"

ఇన్నాళ్లూ ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు. బాపిరాజు భార్య వంక చూశాడు, బోర్లాపెట్టిన ఫోను వంక చూశాడు.

"నువ్వే నొక్కమ్మా," అన్నాడు.

చరిత "అవును" నొక్కింది. తండ్రి తన పేరు టైపు చేశాడు. రెండుసార్లు తప్పు పడింది. ఆ తరవాత చరిత తన సంతకం పెట్టి పంపించేసింది.

జ్ఞానప్రసూనాంబ చేతులు కడుక్కుని పడగ్గదిలోకి వెళ్లింది. మంచం వెనక అట్టపెట్టెలు లాగుతున్న చప్పుడైంది.

"ఏవండీ," అంది లోపల్నుంచి. "ఈ నాలుగూ సరిపోతాయా? ఇంకా తేవాలా?"