నడుము పైనే లోకం

ఆ వీధిలో ప్యాంట్లు కనబడకుండా పోయి ఏడాది దాటింది. దొంగలు పడ్డారనుకునేరు, అదేం కాదు. ఎవరి ప్యాంట్లు వాళ్ళ బీరువాల్లోనే భద్రంగా ఉన్నాయి. ఇస్త్రీకి రావడమే మానేశాయి.

వీధి మధ్యలో ఇస్త్రీ కొట్టు నడిపే పెద్దమనిషిని చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. కాబట్టి ఆయన భార్య అందరికీ పిన్ని. ఒకప్పుడు పొద్దున్నే వీధి వీధంతా బస్సు పట్టుకుని నగరంలో ఆఫీసులకు పరుగెత్తేది. చొక్కా, ప్యాంటు జతగా కొట్టుకు వచ్చి జతగా వెళ్ళేవి. తర్వాత ఎక్కడెక్కడి దేశాల కంపెనీలు వచ్చి జనాన్ని ఎవరింట్లో వాళ్ళను కూర్చోబెట్టి పని చేయించుకోవడం మొదలుపెట్టాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి నడుము దాకానే కనిపిస్తాడు. కనిపించని కాళ్ళకు ఇస్త్రీ ఎందుకు? పైన మడత నలగని చొక్కా, కింద నిక్కరు. ప్రపంచం మన గుమ్మంలోకి వచ్చేసిందని అందరూ మురిసిపోతారు గానీ, బాబాయ్ చూసినంతలో అది నడుము దగ్గరే ఆగిపోయింది.

వినడానికి నవ్వొస్తుంది గానీ ఆయనకు మాత్రం ప్రాణసంకటమే. సగం పని పోయిందని కొట్టును సగం మూయలేరు కదా. అల్లుడు ఊరి బయట పెద్ద రోడ్డు మీద కొత్తగా వెలసిన లాండ్రీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మంచివాడు, మామగారంటే ప్రేమ ఉన్నవాడు.

"ఇంకా ఎన్నాళ్ళు మామయ్యా ఈ తిప్పలు? కొట్టు మూసేసి మా ఫ్యాక్టరీలో పనికి వచ్చెయ్యండి. సోమవారం నేనే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు.

బాబాయ్ సరేనన్నాడు. అన్నాడే గానీ మనసొప్పలేదు. చేతకాని వయసేమీ రాలేదు. ఇస్త్రీపెట్టె పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి వణకదు. ఆ కొట్టు వదిలి వెళ్ళడమంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఉన్న కాస్త బేరంలో నమ్మకమైనవాళ్ళు ఇద్దరు. వీధికి ఆ చివర ఉండే కళ్ళజోడు కుర్రాడు ఒకడు, ఈ చివర ఉండే గుబురుమీసాల మనిషి మరొకడు. ఇద్దరూ కొట్టులో ఎప్పుడూ ఎదురుపడలేదు గానీ, ఎవరికి వారు చొక్కాలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా పిన్ని దగ్గర తమ కష్టాలు వెళ్ళబోసుకునేవారు.

"మా కంపెనీలో ఒకడున్నాడు పిన్నీ! వెనకాల మంచుకొండ పెట్టుకుని కూర్చుంటాడు. నేనేం చేసినా వంక పెడతాడు. ఆ చలిదేశం వాడికి మన బాధలేం తెలుస్తాయి?" అనేవాడు కళ్ళజోడు.

"నాకు ఒకడు తగులుకున్నాడు పిన్నీ. వాడి వెనక ఎప్పుడూ సముద్రమే. ఇసుకలో కాళ్ళు చాపుకుని పని చేస్తాడేమో, ఒక్కటీ సరిగ్గా చెయ్యడు" అనేవాడు మీసాలు.

ఏయే దేశాల వాళ్ళతో వేగాల్సి వస్తోందో పాపం అని పిన్ని ఇద్దరి మీదా సమానంగా జాలిపడేది.

శుక్రవారం వచ్చింది. బాబాయ్ చేతులు ఇస్త్రీ చేస్తున్నాయి గానీ మనసు సోమవారం చుట్టూ తిరుగుతోంది. లేత నీలం చొక్కాలు రెండు బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు లోకమంతా ఒకే కొట్టులో కొంటున్నట్టు ఏ చొక్కా చూసినా అలాగే ఉంటుంది. కళ్ళజోడు వాళ్ళమ్మ మెడ దగ్గర గుండీ ఊడితే రంగు కలిసేది దొరక్క ఆకుపచ్చది కుట్టింది, అంతే తేడా. బాబాయ్ అది చూడలేదు. ఏదో పెద్ద మీటింగని ఒకరు వెళ్ళాక ఒకరు హడావిడిగా వచ్చి, చేతికందింది తీసుకుని వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆ చివరి నుంచి కళ్ళజోడు పరుగెత్తుకొచ్చాడు. ఒంటి మీద మడత నలగని చొక్కా, కింద పూల నిక్కరు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

"బాబాయ్! నా చొక్కా ఎవరికిచ్చావ్?"

బట్టలు మారడమనేది ఆ కొట్టులో ఎన్నడూ ఎరగరు. పోయేముందు పరువు కూడా పోవాలా అనుకున్నాడు బాబాయ్. ఇంతలో ఈ చివరి నుంచి మీసాలు కూడా రొప్పుతూ వచ్చాడు. ఇతనిది గళ్ళ నిక్కరు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మంచుకొండా!" అన్నాడు కళ్ళజోడు.

"సముద్రం!" అన్నాడు మీసాలు.

సంగతి ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చెప్పుకొచ్చారు. కంపెనీలో పేర్లు కూడా కత్తిరించి పిలుస్తారు, మాట్లాడేది కంపెనీ భాష, వెనక బొమ్మలు కంప్యూటర్ పెట్టినవి. ఇక ఎవరెక్కడివాళ్ళో ఎవరికి తెలుస్తుంది? విదేశంలో ఉండే పెద్ద మేడమ్ పెట్టిన మీటింగ్ నడుస్తుండగా మంచుకొండవాడి మెడ దగ్గర అమ్మ కుట్టిన గుండీ కనబడేసరికి కళ్ళజోడు ఆగలేక, "అది నా చొక్కా!" అని మన భాషలో అరిచేశాడు. "నీదేంటి, మా బాబాయ్ ఇస్త్రీ చేసిచ్చాడు" అని అటునుంచి మన భాషలోనే జవాబొచ్చింది.

"మరి మీ పెద్ద మేడమ్ ఏమంది?" అని భయపడుతూ అడిగింది పిన్ని.

"ఆవిడకి మా మాట ఒక్క ముక్క అర్థం కాలేదు పిన్నీ. కోపంతో ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం కదా, నిక్కర్లు మాత్రం బాగా అర్థమయ్యాయి" అన్నాడు మీసాలు.

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి గేట్లు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ వచ్చింది, పక్కింటాయన వచ్చాడు. తీరా చూస్తే వాళ్ళదీ అదే కంపెనీ. ఏడాదిగా ఒకే వీధిలో కూర్చుని, సముద్రాల అవతల నుంచి పలకరించుకున్నారు!

"నేను పంపింది సగం చదివి తిట్టేవాడివి" అన్నాడు కళ్ళజోడు.

"నువ్వు సగమే రాసేవాడివి మరి. పక్కనే ఉంటే లేచొచ్చి అడిగేవాణ్ణి కాదూ?" అన్నాడు మీసాలు.

కొట్టు పక్కనే మూతబడిన ఫోటో స్టూడియో గది ఉంది. దాన్ని అద్దెకు తీసుకుని అందరూ కలిసి అక్కడే పని చేసుకుందామని నిలబడ్డ చోటే తేల్చేశారు.

"తప్పకుండా రండి నాయనా. కానీ ఈ అవతారాల్లో మాత్రం కాదు" అంది పిన్ని, వాళ్ళ మోకాళ్ళ వంక చూస్తూ.

ఆదివారం సాయంత్రానికి బల్ల మీద ప్యాంట్లు గుట్ట పడ్డాయి. బీరువా వాసన కొడుతున్న నల్లవి, గోధుమరంగువి, నడుము దగ్గర వదులు చేయించుకోవాల్సినవి. బాబాయ్ మొదటి ప్యాంటు మడత మీద పెట్టె నడిపిస్తుంటే ఆయనకు తెలియకుండానే కూనిరాగం వచ్చేసింది.

సోమవారం పొద్దున అల్లుడు స్కూటర్ దిగి, గుట్టనీ మామగారినీ మార్చి మార్చి చూశాడు. పిన్ని జరిగిందంతా చెప్పింది. అతను నవ్వాడు గానీ, బాధ్యత ఉన్నవాడు కదా, ఊరుకోలేకపోయాడు.

"బాగుంది మామయ్యా. కానీ చొక్కాలు మారిపోయాయంటే పని మీద మీకు శ్రద్ధ తప్పుతోందన్నమాటే. మా ఫ్యాక్టరీలో అయితే ప్రతి బట్టకీ ఒక నంబరుంటుంది. ఒకరిది ఇంకొకరికి వెళ్ళనే వెళ్ళదు."

బాబాయ్ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"అందుకే రానయ్యా. ఒకరిది ఇంకొకరికి వెళ్ళకపోతే వీళ్ళు కలిసేదెలా?"