ఉన్నదున్నట్టు చెప్పిన దుబాసీ

నీటి శాఖలో కొండవాళ్ల భాష వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. పుట్టింది ఆ కొండమీదే. ఆరేళ్లుగా ఈ శాఖలో దుబాసీ పని చేస్తోంది. అధికారి కసురుకుంటే ఆ మాటను మెత్తబరిచి కొండవాళ్లకు చెప్పేది. వాళ్లు తిడితే విన్నపంగా మార్చి అధికారి చెవిన వేసేది. గొడవలు రాకుండా చూడటమే తన నేర్పనుకునేది.

ఆ రోజు మీటింగు హాల్లో పన్నెండుమంది కొండవాళ్లు పొద్దుట్నుంచీ గోడవారగా కూర్చున్నారు. అందరికన్నా ముందు ఆమె సొంత పిన్ని. కొండమీది ఊటను సీసాల నీళ్ల కంపెనీకి ఇవ్వడానికి వాళ్లు వేలిముద్రలు వెయ్యాలి. బల్లమీద సిరా పెట్టె మూత తీసే ఉంది.

పిన్ని లేచి నిలబడింది.

"ఊట పోతే మాకు మిగిలేది కింద వాగే. ఆ నీళ్లు తాగి పోయినేడు ఇద్దరు పసివాళ్లు పోయారు. అర్జీలో రాయించాం కదా. సారు చదివాడేమో అడగవే."

ఆమె అడిగింది.

అధికారి కేకు తింటున్నాడు. వేళ్లకంటిన క్రీము చూసుకుని, చేతికందిన కాగితంతో ఒక్కో వేలూ తీరిగ్గా తుడుచుకున్నాడు. అది ఆ అర్జీయే. రాసిపెట్టింది ఆమే. దాన్ని ఉండచుట్టి బల్లకింద పారేశాడు.

"నెలకోసారైనా ఒళ్లు తోముకోని జనానికి ఊటెందుకయ్యా?" అన్నాడు పక్కనున్న గుమాస్తాతో. గుమాస్తా కిసుక్కున నవ్వాడు. "ఏదో ఒకటి చెప్పి వేలిముద్రలు వేయించమ్మా. నీకిది కొత్తేం కాదుగా."

అతని మీసానికంటిన క్రీముకన్నా తన నాలుకే ఆమెకు రోతగా తోచింది.

"ఏమంటాడే?" అంది పిన్ని.

ఆమె చెప్పింది. ఒళ్లు తోముకోవడం గురించి అన్న మాట, గుమాస్తా నవ్విన నవ్వు, చేతులు తుడుచుకున్న కాగితం ఏదో, అన్నీ. ఒక్క ముక్క కూడా మింగలేదు.

పిన్ని బల్లకిందికి వంగి ఆ ఉండను తీసింది. జిడ్డుకు అంటుకున్న మడతలు విప్పి అధికారి ముందు పరిచింది.

"ఇప్పుడు చదవమను."

"ఏం చెప్పావు వీళ్లకి?" అధికారి కుర్చీలోంచి లేచాడు.

"మీరన్నదే సార్. జీతమిచ్చేది అందుకేగా."

ఒక్కరూ వేలిముద్ర వెయ్యకుండానే పన్నెండుమందీ బయటికి నడిచారు. మెట్లమీద పిన్ని ఆగింది.

"ఇన్నేళ్లూ ఇలాంటి మాటలకే తేనె పూసి మా చెవుల్లో పోశావా? ఛీ!"

పిన్ని ముఖం తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. ఊట కంపెనీ చేతికి పోలేదు. పది రోజులకు ఒక కబురు తెలిసింది: అధికారి అదే ఫైలు పట్టుకుని అవతలి కొండకు బయల్దేరుతున్నాడట. అక్కడా మాట్లాడేది ఈ భాషే. అతనికన్నా ఒక రోజు ముందే ఆమె బస్సెక్కింది. పక్క సీట్లో పిన్ని, ముఖం ఇంకా అటే తిప్పుకుని.