కాలివ్వని మధ్యాహ్నం

గొల్లపూడి దాటాక హైవే మీద ఒక కరెంటు ఆటో ఆగిపోయి ఉంది. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, భుజంతో పక్క కమ్మీని తోస్తూ ఇబ్రహీంపట్నం వైపు నెట్టుకుపోతున్నాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. కుక్కలు కూడా ఆగివున్న లారీల కింద నుంచి బయటికి రావడం లేదు.

వెనకే వస్తున్న మరియదాసు తన డీజిలు ఆటో వేగం తగ్గించలేదు.

"అయ్యో పాపం! కాస్త కాలేసి నెట్టకూడదాండీ?" అంది వెనక సీట్లోని టీచరమ్మ.

"వాళ్ళకి కంపెనీ ఉందిలెండి. అదే వచ్చి నెడుతుంది" అన్నాడు మరియదాసు. దాటేముందు ఒక్కసారి అటు చూశాడు. చెమటకు వీపుకతుక్కున్న ఖాకీ చొక్కా ఒక్క క్షణం కనిపించి వెనకబడింది.

రోడ్డు మీద బండి ఆగితే వెనకొచ్చే ఆటోవాడు కాలు చాచి, ముందు బండికి ఆనించి, తన బండి బలంతో దాన్ని షెడ్డు దాకా నెట్టుకుపోతాడు. దీన్నే స్టాండులో కాలివ్వడం అంటారు. ఎవరు, ఏ స్టాండు అని అడగరు. పొద్దున కొట్టుకున్నవాడు కూడా సాయంత్రం కాలిస్తాడు. అంత మంచి అలవాటును చేజేతులా చెడగొట్టుకున్నారు మనవాళ్ళు! కరెంటు ఆటోలొచ్చి బేరాలు లాక్కుంటున్నాయని, వాటికి ఎవరూ కాలివ్వకూడదని ఇబ్రహీంపట్నం స్టాండులో కట్టుబాటు పెట్టారు. పెట్టించింది స్టాండు ప్రెసిడెంటు మరియదాసే. సొంత తమ్ముడు ఎలీషా తన పాత డీజిలు బండి తుక్కుకిచ్చి, కంపెనీ దగ్గర కరెంటు బండి తీసుకున్నప్పటి నుంచీ అతనికి ఆ బళ్ళంటే కడుపుమంట. తమ్ముడితో మాటలు కూడా మానేశాడు.

టీచరమ్మను దించి అతను టీ తాగుతుండగా ఫోనొచ్చింది. గుంటుపల్లి బస్‌షెల్టరు ముందు ఎలీషా పడిపోయాడు. వడదెబ్బ. జనం పోగై నీళ్ళు చల్లేసరికే ప్రాణం పోయింది. ఆటో హ్యాండిలు మీద నుంచి వేళ్ళు విడదీయాల్సి వచ్చిందట.

"తలకు తువ్వాలేమైనా చుట్టుకున్నాడా?" అని మాత్రం అడిగాడు మరియదాసు. అవునన్నారు. చేతిలోని గ్లాసు కిందపడింది.

సమాధి జరిగాక, ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. ఒకవైపు డీజిలు ఆటోలవాళ్ళు, ఇంకోవైపు కరెంటు ఆటోలవాళ్ళు. మధ్యలో దారి వదిలి కూర్చున్నారు, పెళ్ళిలో రెండు వైపులవాళ్ళలా. మూలన ఎలీషా బండి ఉంది. థర్మల్ కరెంటు స్టేషను బూడిద దాని మీద అప్పుడే సన్నగా పేరుకుంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారో లేదో, ఎలీషాతోపాటే కరెంటు బండి తీసుకున్న బెన్నీ లేచాడు.

"బండిలో ఏ పాడూ లేదండీ. చార్జింగు నిండా ఉంది. కంపెనీవోళ్ళు ఎక్కడో కూర్చుని ఫోన్లోంచే బండి ఆపేసే తాళం ఒకటి పెట్టారు. అది తీసెయ్యమని ఎలీషా మమ్మల్నందర్నీ కూడగట్టి ఆఫీసుకి తీసుకెళ్ళాడు. మర్నాడే బండాగిపోయింది. ఏసీలో కూర్చున్నోడు ఫోన్లో మీట నొక్కితే ఇక్కడ మనిషి చచ్చిపోయాడు! రోడ్డు మీద వదిలేసి వస్తే బండెత్తుకుపోతారని, పాపం, నెట్టుకుంటా వచ్చాడు."

"అందుకేగా ఆ బళ్ళొద్దని మొత్తుకుంది!" అని అరిచాడు డీజిలు ఆటో చక్రి. "తగలెట్టండి వాటిని!"

"మీలో ఒక్కడు కాలిచ్చుంటే బతికేవోడు కదరా!" అని బెన్నీ మీదికొచ్చాడు.

ఇద్దరూ కలబడ్డారు. కుర్చీలు పడ్డాయి. అప్పుడు మరియదాసు లేచి నిలబడ్డాడు.

"ఆణ్ణి దాటుకుని పోయింది నేనే" అన్నాడు. "ముఖం చూళ్ళేదు. వీపు చూశాను. చిన్నప్పుడు ఆ వీపు మీద గుడ్డేసి రుద్ది నీళ్ళు పోసినోణ్ణి, నా తమ్ముడి వీపు గుర్తుపట్టలేకపోయాను."

కలబడినవాళ్ళు అలాగే ఆగిపోయారు. ఎలీషా భార్య డయానా గుమ్మంలోంచి లేచి వచ్చింది. ఆమె కొడుతుందనుకున్నాడు. కొడితే బావుండుననీ అనుకున్నాడు.

"మా అన్నయ్య ఎప్పటికైనా వస్తాడు, ఈ బండే నడుపుతాడు అనేవోడు బావగారూ. మీ మీద ఒక్క మాట పడనిచ్చేవోడు కాదు." ఆమె మూలనున్న బండి వైపు చూసింది. "మీరు చూడకుండా పోయారు. వాళ్ళు చూస్తానే మీట నొక్కారు. రెండూ ఒకటి కాదు. కానీ రెండూ కలిసే ఆయన్ని మింగినయ్యి."

తర్వాత చక్రి వైపు తిరిగింది.

"తగలెడితే ఏమొస్తది? పొగబళ్ళు మనల్ని బతకనిచ్చినయ్యా? మా మావయ్య ఆ పొగకే ఊపిరాడక పోలేదా? బండి మంచిదే. దాని తాళం ఎవడి చేతిలో ఉందన్నదే గొడవ. అదే అడిగాడు మా ఆయన. రేపు మీ బళ్ళన్నీ పోయి కరెంటు బళ్ళే వస్తయ్. ఆ తాళం అప్పుడు మీ మెడకేగా!"

చక్రి, పడిన కుర్చీ ఎత్తి, బెన్నీ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

భవానీపురంలోని కంపెనీ ఆఫీసుకు అందరూ ఊరేగింపుగా వెళ్ళాలనుకున్నారు. సంగతి కంపెనీకి తెలిసింది. బయలుదేరే పొద్దున కరెంటు ఆటోలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. బళ్ళు కదలకపోతే మనుషులూ కదలరనుకున్నారు ఆ తెలివిగల దొరలు.

డయానా ఎలీషా బండెక్కి హ్యాండిలు పట్టుకుంది. మరియదాసు తన ఆటోను దాని వెనకకు తెచ్చి, కాలు చాచి ఆనించాడు. చెప్పు విప్పేశాడు. ఎందుకో తమ్ముడి బండికి చెప్పుకాలు ఆనించబుద్ధి కాలేదు. ఎండకు కాగిన రేకు అరికాలిని చురుక్కుమని కాల్చింది. తియ్యలేదు. ఆ వెనక బెన్నీ బండికి చక్రి కాలిచ్చాడు. ఆగిన ప్రతి బండి వెనకా ఒక నడిచే బండి నిలిచింది.

గుంటుపల్లి బస్‌షెల్టరు దగ్గర ఎవరూ ఆగమనకుండానే వరసంతా ఆగింది. మళ్ళీ కదిలింది. ఆటోల మోతను మించి నినాదం లేచింది.

"బండి మాది! తాళం మాది!"

భవానీపురం మలుపులో పోలీసులు తాడు కట్టారు. "ప్రెసిడెంటెవడ్రా?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి."

లాగి జీపెక్కించారు. వెనక కాలు పోవడంతో ఎలీషా బండి ఆగిపోయింది. నడిరోడ్డు మీద, ఎండలో, డయానా హ్యాండిలు వదలకుండా ముందుకే చూస్తూ కూర్చుంది. ఆ రోజు దాటిపోతూ చూసిన వీపు మరియదాసు కళ్ళ ముందుకొచ్చింది. "ఎవరన్నా కాలియ్యండ్రా! ఎండలో ఉందిరా బండి!" అని జీపులోంచి గొంతు చించుకుని అరిచాడు.

బెన్నీ బండిని వదిలి చక్రి ఆటో పక్క నుంచి దగ్గరికొచ్చింది. అతనూ చెప్పు విప్పి కాలు ఆనించాడు. బెన్నీ తన బండి దిగి వచ్చి పక్క నుంచి భుజం పెట్టాడు. తమ్ముడి బండి పోలీసుల తాడు మీదికి కదిలింది.

మరియదాసు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కనున్న కానిస్టేబులు మంచినీళ్ళ సీసా అందిస్తే తోసేశాడు. బొబ్బలెక్కిన అరికాలిని జీపు అంచుకు గట్టిగా అదిమి, ఏడుపు ఆగకుండానే అందరితో కలిసి అరిచాడు.

"తాళం మాది!"