చెవిలో మైనం

శనివారం పొద్దుగూకి ఆకాశంలో మూడు చుక్కలు కనబడగానే రోమ్‌లో యూదుల్ని గోడ కట్టి ఉంచిన గెట్టో పేటలో ఇంటింటా జడలాగా అల్లిన మైనపు వత్తి వెలిగించి విశ్రాంతి దినాన్ని సాగనంపుతారు. వత్తిని ద్రాక్షరసంలో ముంచి ఆర్పేశాక, పళ్లెంలో కారి గడ్డకట్టిన మైనాన్ని పెర్నా గోటితో గీకేది. తనకి శనగగింజలంత ఉండలు రెండు, కూతురు రిక్కాకి పెసరగింజలంత ఉండలు రెండు చేసి, గుండీలు దాచుకునే డబ్బీలో పెట్టేది. మళ్లీ శనివారం దాకా వాటితో పనిలేదు.

మళ్లీ శనివారం మాత్రం వాటితోనే పని. మధ్యాహ్నం బంట్రోతులు వచ్చి గొర్రెల్ని తోలినట్టు మావాళ్లని గేటు అవతలి చర్చికి తోలేవాళ్లు. అక్కడ రెండు గంటల పాటు 'ఆ మనిషి' గురించి ప్రసంగం వినాలి. మావాళ్లు ఆయన్ని అలాగే అంటారు, పేరెత్తరు. మొక్కడానికి నోరు రాదు, తిట్టడానికి ధైర్యం చాలదు. ఆయన పేరు చెప్పి మా వీపుల మీద పడ్డ దెబ్బలకి లెక్కుందా? అందుకని 'ఆ మనిషి' అనేసి ఊరుకుంటారు.

గుమ్మంలో చెవులు తడిమి చూసేవాళ్లు. లోపల కూర్చున్నాక మా ఆడవాళ్లకి గుర్తుగా తగిలించిన పసుపు ముసుగు సర్దుకుంటున్నట్టు నటించి మైనం పెట్టుకోవాలి. కునికినా, పక్కకి చూసినా బెత్తం పడుతుంది. అందుకే పెర్నా కూతురికి ఐదో ఏటి నుంచే నూరిపోసింది.

"ఒసేయ్ రిక్కా, ఫాదర్ మొహం కేసే చూడు. ఆయన నోరు ఆగినప్పుడల్లా తలూపు. అంతే. చెవిలోకి ఏదీ పోదు, వీపు మీద ఏదీ పడదు."

రిక్కా చురుకైన పిల్ల. నెల తిరక్కుండా తల్లికంటే బాగా తలూపడం నేర్చేసింది. ఎంత బుద్ధిగా వింటోందోనని బంట్రోతు మురిసిపోయి ఒకసారి ఎండు అంజీరపండు కూడా ఇచ్చాడు. ఆ రోజు ఇంట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

ఒకనాడు ఆ పిల్లే అడిగింది. "అమ్మా, ఆ గోడమీద మేకులు కొట్టించుకున్నాయన ఎవరే? ఎందుకలా ఏడుస్తున్నాడు?"

పెర్నా లేచి కిటికీ మూసి వచ్చింది. "మనవాడేనే తల్లీ. మనలాగే శుక్రవారం దీపం పెట్టుకునే ఇంట్లో పుట్టాడు. ఆయన్ని చంపింది ఆనాటి దొరలు. దేవుణ్ణి చేసింది తర్వాతివాళ్లు. మనకి దేవుడు ఒక్కడే, ఆయనకి ఒళ్లూ లేదు, నెత్తురూ లేదు. మనల్ని కాపాడ్డానికి రావాల్సినవాడు ఇంకా రాలేదు."

"రాలేదని మనకెలా తెలుసు?"

"వస్తే తెలీదుటే? కత్తులు కరిగించి నాగళ్లు చేసుకుంటారు. ఎవరూ ఎవర్నీ కొట్టరు. బయట ఎక్కడా ఈ మాట అనకు, నీకు పుణ్యముంటుంది."

పెర్నా మొగుడు సబాతో ఏటి వరద తగ్గిన తర్వాత వచ్చిన జ్వరాల్లో పోయాడు. అతని తమ్ముడు త్రాంక్విల్లో అంతకు ముందే వాళ్ల మతం పుచ్చుకుని బ్రదర్ పావొలో అయ్యాడు. ఆ రోజు అత్త జెంతీలె కొడుకు చచ్చినట్టే బట్ట చింపుకుని ఏడు రోజులు నేలమీద కూర్చుంది. చచ్చినవాడు ఊరుకుంటాడు గాని వీడు ఊరుకోలేదు. ప్రసంగాలు చెప్పడం నేర్చాడు. ఆ తర్వాత పైవాళ్ల దగ్గరికి పోయి, "మా అన్న కూతురు మా ఇంటి బిడ్డ. దాన్ని చర్చికి ఇచ్చుకుంటున్నాను" అని రాసిచ్చాడు. వింటే కడుపు మండదూ? మతంలో కలిసినవాడు తన రక్తసంబంధాన్ని అలా ఇచ్చుకోవచ్చట. తల్లిని అడగక్కర్లేదట!

పిల్లని తీసుకుపోయే బండి వచ్చేసరికి పెర్నా చేతిలో సూదీ దారం ఉన్నాయి, ఎవరిదో పాత కోటుకి కాజాలు కుడుతోంది. బంట్రోతులు పిల్లని రెక్క పట్టి లేపారు. అత్త గుమ్మానికి అడ్డంపడి శాపనార్థాలు పెట్టింది. పెర్నా చేతికందిన మైనం డబ్బీ కూతురి జేబులో తోసింది.

"చెవుల్లో పెట్టుకో. నేనొచ్చేదాకా తియ్యకు. మొహం చూడు, తలూపు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకమ్మా, కొడతారు."

పిల్ల ఏడుస్తూనే తలూపింది.

మూడో రోజున సంఘం పెద్దలు కనుక్కుని వచ్చి చెప్పారు. రిక్కాకి ఏడేళ్లు నిండాయి కాబట్టి ఊరికే నీళ్లు చల్లి మతంలో కలిపెయ్యకూడదు. మతంలో కలవబోయేవాళ్లని ఉంచే ఇంట్లో నలభై రోజులు ఉంచి, సాక్షుల ఎదుట దాన్నే అడగాలి. వద్దంటే ఇంటికి పంపెయ్యాలి.

"ఇంకేం! అది నా దగ్గర పెరిగిన నోరు. వద్దంటే వద్దనే అంటుంది చూడు" అంది అత్త. ఆ రాత్రి ఇద్దరూ ఇంత ముద్ద తిన్నారు.

ఈ సంగతి పిల్ల చెవిన ఎలాగైనా వెయ్యాలని పెర్నా ఆ ఇంటి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఇరవయ్యో రోజున త్రాంక్విల్లో తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. బుర్ర గొరిగించుకున్నాడు, మనిషి చిక్కాడు. చూపు మాత్రం అచ్చం అన్నదే.

"ఒక్క మాట మాట్లాడనీ, మరిదీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కుదరదు వదినా. నలభై రోజులూ మీవాళ్లెవరూ మాట్లాడకూడదు. దాన్నెవరూ కొట్టడంలేదు, తిట్టడంలేదు. నేను దాని ఆత్మ కోసం చేశాను. దానికి స్వర్గం ఇస్తున్నాను."

"ఇచ్చే స్వర్గం తల్లికి చెప్పి ఇవ్వకూడదూ?"

"నువ్వు ఒప్పుకోవు గనక. రక్షకుడు వచ్చేశాడు వదినా. మీరు కళ్లు మూసుకుని ఇంకా గుమ్మంలో కూర్చున్నారు."

పెర్నా పండితురాలు కాదు, గ్రంథాలు చదివింది కాదు. కానీ ఆ మాటకి ఆమె ఒళ్లు మండిపోయింది.

"వచ్చేశాడా? ఎప్పుడొచ్చాడయ్యా? వచ్చి ఉంటే తల్లి ఒళ్లోంచి బిడ్డని లాక్కుపోయే రోజులుంటాయా? ఆ మనిషిని నేనేమీ అనను. మంచివాడే కావచ్చు, మనవాడే కదా. కానీ వచ్చింది ఆయనే అనడానికి సాక్ష్యం ఏదీ? నువ్వా? నీ బంట్రోతులా? నువ్వు ఈ పని చేసినంత కాలం రాలేదనే చెప్తాను నేను."

త్రాంక్విల్లో లోపలికి పోబోతూ తలుపు పట్టుకుని ఆగాడు. మెల్లగా అన్నాడు. "నలభయ్యో రోజున రా. కటకటాల వెనకాల నిలబడు. నోరెత్తితే బయటికి గెంటేస్తారు. మా అన్న మొహం చూసి ఇంతమాత్రం చేస్తున్నాను."

నలభయ్యో రోజు పొద్దున్నే అత్త నూనె మూకుడు పెట్టి గుమ్మడిపూలు వేయించింది. రిక్కాకి అవంటే ప్రాణం. "వేడిగా ఉండగానే తీసుకొచ్చెయ్యి, పిల్ల ఆకలితో ఉంటుంది" అని పళ్లెం మీద గుడ్డ కప్పింది.

పెద్ద గది. బల్ల వెనకాల ముసలి ఫాదర్, పక్కన రాతగాడు, ఇద్దరు సాక్షులు, గోడవార త్రాంక్విల్లో. రిక్కాని తెచ్చి మధ్యలో నిలబెట్టారు. కాస్త ఒళ్లు చేసింది. జుట్టు చెవుల మీదికి దువ్వి తెల్ల రిబ్బను కట్టారు. తల్లి కటకటాల వెనక ఉన్నట్టు ఆ పిల్లకి తెలీదు.

ముసలాయన గొంతు మెత్తగా ఉంది. నిజం చెప్పొద్దూ, మంచి మనిషిలాగే ఉన్నాడు.

"అమ్మాయీ, నీ ఇష్టం చెప్పు. ఎవరూ నిన్ను బలవంతం చెయ్యరు. ఇంటికి మీ అమ్మ దగ్గరికి పోతావా? లేక ప్రభువుని నమ్మి ఇక్కడే ఉంటావా?"

రిక్కా ఆయన మొహం కేసే బుద్ధిగా చూస్తోంది. ఆయన నోరు ఆగింది.

పిల్ల తలూపింది.

"ఉంటావా? ఇక్కడే ఉంటావా తల్లీ?" ముసలాయన రెట్టించాడు. మళ్లీ నోరు ఆగింది, మళ్లీ తలూపింది. ఎంత బాగా తలూపిందని, అమ్మ నేర్పినట్టే!

"రిక్కా!" పెర్నా కటకటాలు పట్టుకుని గొంతు చించుకుంది. "మైనం తియ్యవే! చెవిలో మైనం తియ్యి! అయ్యా, దానికి మీ మాట వినపడలేదయ్యా, నేనే పెట్టుకోమన్నాను, నేనే చెప్పాను, నేనే..."

పిల్ల తిరిగి చూడలేదు. ముసలాయనకి ఈ గోలేమిటో అర్థం కాలేదు, చెయ్యి ఊపాడు. బంట్రోతులు పెర్నా రెక్కలు విరిచి పట్టుకున్నారు. త్రాంక్విల్లోకి మాత్రం అర్థమైంది. పాతికేళ్లు ప్రతి శనివారం అదే మైనం చెవిలో పెట్టుకుని అదే బల్లమీద కూర్చున్నవాడికి అర్థంకాక చస్తుందా! మొహం సున్నంలా తెల్లబడింది. ఒక అడుగు ముందుకి వేశాడు. పెర్నా అతని నోటికేసే చూసింది. ఒక్క మాట, ఒరే నాయనా, ఒక్కటంటే ఒక్క మాట!

ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. రాతగాడు 'ఒప్పుకుంది' అని రాసి, సిరా ఆరడానికి ఇసక చల్లాడు.

గుమ్మడిపూలు చల్లారి మెత్తబడ్డాయి. ఎవరూ ముట్టలేదు. అత్త మళ్లీ బట్ట చింపుకుని నేలమీద కూర్చుంది. పెర్నా కూర్చోలేదు. బతికున్న బిడ్డకి నేనెందుకు కూర్చుంటానంది. నేనే చంపుకున్నాను, నా చేతులతో ఉండలు చుట్టి మరీ చంపుకున్నాను అని కూడా అంది. ఒకదానికొకటి పొసగని మాటలు, అయినా రెండూ నిజమే.

తర్వాతి శనివారం చర్చికి పెర్నా మైనం తీసుకెళ్లలేదు. పిల్ల చెవిలో పడేదేమిటో తన చెవిలోనూ పడనీ అనుకుంది. కొత్తగా మతంలో కలిసినవాళ్లని ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చివర్లో తెల్ల గౌను వేసుకుని రిక్కా ఉంది. ఇప్పుడు దాని పేరు మరియ.

ఆ రోజు ప్రసంగం చెప్పింది త్రాంక్విల్లో. కొడుక్కి మేకులు కొడుతుంటే ఆ మనిషి తల్లి దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయిందని చెప్పాడు. పెర్నా ఆ ముక్క ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. ఆవిడా మనవాళ్లలో పుట్టిందే కదా, ఆవిడకీ నోరు నొక్కారు కాబోలు అనుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"రిక్కా!" అని ఒక్క కేక పెట్టింది.

వీపు మీద బెత్తం పడింది. ముందు బల్ల మీద పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది. వినపడింది! చెవుల్లో ఏమీ లేదు. తల్లీ కూతుళ్ల చూపులు కలిశాయి. అమ్మ మీద రెండో దెబ్బ పడటం కూడా పిల్ల చూసింది.

రిక్కా గబుక్కున ముందుకి తిరిగి, బాబాయి మొహం కేసి చూసింది. ఆయన నోరు ఆగగానే బుద్ధిగా తలూపింది.