ఈల కోసం ఆగినవాళ్ళు

“సంతకం పెట్టవయ్యా, ఎంతసేపు?” పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు కల్నల్.

జవాన్లకి శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. సరిహద్దులో డ్రోన్ దాడికి తొమ్మిదిమంది చనిపోవడానికి కారణం దళనాయకుడి నిర్లక్ష్యమట. శిక్షణలో లోపమేమీ లేదట. ఆ దళనాయకుడు ఉస్తాద్‌కి స్వయానా మేనల్లుడు. ఎడమకాలు పోగొట్టుకుని సైనిక ఆసుపత్రిలో పడున్నాడు. దీనిమీద శిక్షకుడి సంతకం పడిందంటే వాడు చక్రాల కుర్చీలోనే కోర్టు మార్షల్‌కి వెళ్ళాలి.

పొద్దున వాడన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. “డ్రోన్ కనబడింది మామయ్యా. అందరం చూశాం. ఈల వినబడలేదు కదాని ఆగాం.”

ఈల! ఉస్తాద్ మెడలో వేలాడుతున్న ఈలని పిడికిట్లో బిగించాడు. కిటికీ కిందున్న ఈ శిక్షణ మైదానంలో రెండేళ్ళుగా డ్రోన్ లేచేముందు ఈల మోగుతోంది. అది వినగానే ఐదు సెకన్లలో కందకంలోకి దూకాలి. అందుకే ప్రతి బ్యాచ్‌కీ, ఇక్కడే నేర్చుకున్న మేనల్లుడి దళానికి కూడా, నూటికి నూరు మార్కులు. ఊదింది తనే.

విచారణకొచ్చిన బ్రిగేడియర్ మేడమ్ వాచీ చూసుకుంది. “శిక్షణలో లోపం ఉందంటారా?”

“నోటితో చెబితే మేనమామ వెనకేసుకొస్తున్నాడంటారు. ఒక్కసారి కిటికీ దగ్గరికి రండి మేడమ్.”

“నాటకాలాడకు!” కల్నల్ గొంతు పెంచాడు.

“రెండేళ్ళుగా ఆడుతూనే ఉన్నాంగా సార్!” ఉస్తాద్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. “డ్రోన్ లేపు.”

కింద నలభైమంది జవాన్లున్నారు. ఇవాళ ఏ క్షణంలోనైనా దాడి జరగొచ్చని పొద్దున్నే చెప్పాడు వాళ్ళకి. కందకం పదడుగుల దూరంలో ఉంది. మేడ మీంచి డ్రోన్ రొద చేస్తూ లేచింది. నలభైమందీ తలలు పైకెత్తారు. కొందరు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశారు. ఒకడు పక్కవాడికి వేలెత్తి చూపించాడు. ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. డ్రోన్ జారవిడిచిన సుద్దపొడి సంచి వాళ్ళ నడుమ దభీమని పడి పగిలింది. తలలూ భుజాలూ తెల్లబడ్డాయి.

“చచ్చారు,” అన్నాడు ఉస్తాద్.

కిటికీలోంచి వంగి ఈల ఊదాడు. కళ్ళు మూసి తెరిచేలోగా మైదానం ఖాళీ.

“ఎంత ముచ్చటగా దూకారో చూశారా? చచ్చాక!”

మేడమ్ మొహం గట్టిపడింది. “ఎవరి తెలివి ఇది?”

“ఊదేది ఇతనే మేడమ్. ఇతన్నే అడగండి,” కల్నల్ అందుకున్నాడు.

“ఊదాను!” ఉస్తాద్ బల్ల మీద గుద్దాడు. “మొదట్లో ఈల లేదు మేడమ్. మొదటి బ్యాచ్ నలభైమందిలో ముప్ఫై ఒక్కమంది ఫెయిలయ్యారు. రోజూ తోమితే ఆర్నెల్లలో దారికొస్తారన్నాను. మార్కుల కాగితం నా మొహాన కొట్టి, ‘వీళ్ళ వల్ల నా ప్రమోషన్ పోవాలా’ అంటూ ఈ ఈల నా మెడలో వేశారు. నోరు మూసుకుని ఊదాను. దానికి నన్నేం చేసినా సరే, పడతాను. మావాడి జోలికి మాత్రం రాకండి.”

“ఎవరు వేశారు? రికార్డులోకి ఎక్కాలి. గట్టిగా చెప్పండి.”

మూల కూర్చున్న టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. కల్నల్ పళ్ళు కొరుకుతూ, “నీ పెన్షన్ గుర్తుందా?” అన్నాడు.

ఉస్తాద్ అతని వైపు వేలు చూపిస్తూ, కింద మైదానానికి కూడా వినబడేలా అరిచాడు.

“ఈ శిక్షణ కేంద్రం పెద్ద. మీ పక్కన నిలబడ్డ ఈ కల్నలే!”