ఎవరికీ చేరని వీడ్కోలు

కొండ మీది వర్షపాతం కొలిచే కేంద్రంలో ఆయన ఒక్కడే ఉద్యోగి. రోజూ పొద్దున్నే మైకులో మిగతా ఏడు కేంద్రాలకూ నమస్కారం చెప్పి, వాన లెక్క చదివేవాడు. కొత్త నెట్‌వర్క్ లైన్లు వేశాక నాలుగు నెలలుగా ఒక్కరూ పలకలేదు.

"నా మీద కోపమేమో అనుకున్నానమ్మా," అన్నాడు, తనిఖీకి ఫోన్ చేసిన నెట్‌వర్క్ ఇంజనీరుతో.

ఆమె వెతికింది. అందరి గొంతులూ ప్రధాన కార్యాలయం రౌటర్‌కు ఒకే దారిన వస్తున్నాయి. ఒకరి మాటను అందరికీ పంచే మల్టీకాస్ట్‌ను, వచ్చిన దారినే అది తిరిగి బయటికి పంపడం లేదు. మాటలూ లెక్కలూ అక్కడ రికార్డవుతున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"కోపం కాదు బాబాయ్, ఎవరి మాటా ఎవరికీ చేరట్లేదు," అని సెట్టింగ్ మార్చింది.

మర్నాడు ఆరు గొంతులు ఆత్రంగా పలికాయి.

"నది దగ్గరి కేంద్రం పెద్దాయనేరీ?" అని ఇంజనీరును అడిగాడు.

"పోయిన నెలే రిటైరయ్యారు బాబాయ్," అంది ఇంజనీరు పాత రికార్డింగులు విని, "చివరి రోజు మీ అందరికీ పేరు పేరునా వీడ్కోలు చెప్పారు."

ఆయన మైకు నొక్కి, ఎప్పటిలాగే ఏడు కేంద్రాలకూ నమస్కారం చెప్పాడు.